పోగుల జిప్సమ్‌కి నీళ్ళు తగలొచ్చా? మట్టి తీయడం, విరిగిన గుత్తి అతికించడం ఎలా?

పోగురాయి
చేతికి కొత్తగా వచ్చిన స్పెసిమెన్ గురించి అడుగుతున్నా. 9 సెంటీమీటర్ల మట్టి, జిప్సమ్ కలిసిన దిమ్మ. దాని మీద ఐదు గుత్తులు నిలువుగా లేచి, పైకి పోనుపోను పక్కకు వంగి చుట్టుకున్నాయి. అన్నిటికన్నా పొడవైనది 6 సెంటీమీటర్లు. లేబుల్ మీద "సెలెనైట్, శాంటా యులాలియా, చివావా, మెక్సికో" అని ఉంది.

పట్టు మెరుపు బాగుంది గానీ ఇబ్బందులున్నాయి. మొదళ్ళలో బూడిదరంగు బంకమట్టి అంటుకుని ఉంది, పోగుల సందుల్లో సన్నటి దుమ్ము. కొనల దగ్గర వేలు తగిలితే చాలు పోగులు రాలుతున్నాయి. ఒక గుత్తి మొదట్లో బీటపడి కదులుతోంది. ఒక పక్క గోధుమరంగు మరక కూడా ఉంది.

ఒకచోట ఉప్పునీళ్ళలో నానబెట్టమన్నారు, ఇంకోచోట బేబీ ఆయిల్ రాస్తే మెరుపు పెరుగుతుందన్నారు. రెండూ నమ్మబుద్ధి కాలేదు. ఏ క్రమంలో మొదలుపెట్టాలి? ఇంతకీ ఇది సెలెనైటా, శాటిన్ స్పారా?

గనిదీపం
ఉప్పునీళ్ళు వద్దు, మామూలు నీళ్ళు వద్దు, నూనె అసలే వద్దు. మిగతావాళ్ళు రాసేదాకా దాన్ని దిమ్మ పట్టుకునే కదపండి, గుత్తులు పట్టుకోకండి. పక్కనుంచి లైటు వేసి మొదళ్ళ ఫొటో ఒకటి పెట్టండి.

లెన్స్_పది
పేరు సంగతి. రెండూ జిప్సమే, కాల్షియం సల్ఫేట్‌కి రెండేసి నీటి అణువులు. 1 నుంచి 10 దాకా ఉండే మోహ్స్ కొలతలో కాఠిన్యం 2, గోటితో గీత పడుతుంది. తేడా పెరిగిన తీరులో ఉంది. తేటగా, పలకలుగా పెరిగితే సెలెనైట్ అంటారు.

శాటిన్ స్పార్ అంటే రాతిలోని పగులు నిండుతూ పెరిగిన పట్టీ. పోగులన్నీ పగులు గోడలకు దాదాపు అడ్డంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. చాలా పట్టీల్లో నట్టనడుమ ఒక సన్నటి గీత కనబడుతుంది. పెరుగుదల అక్కడ మొదలై రెండు గోడల వైపూ సాగిందన్నమాట. పెరుగుతున్నప్పుడు గోడలు పక్కకు జరిగితే పోగులు ఎస్ ఆకారంలో వంగుతాయి.

మీది అది కాదు. ఖాళీ జాగాలోకి, గాలిలోకి పెరిగింది. దిమ్మలోని సన్నటి రంధ్రాల గుండా వచ్చిన ద్రావణం మొదట్లోనే స్ఫటికంగా మారుతూ, అంతకుముందు పెరిగినదాన్ని పైకి నెడుతుంది, ట్యూబు నొక్కితే పేస్టు వచ్చినట్టు. అంటే కొన అన్నిటికన్నా పాతది, మొదలు కొత్తది. ఒక పక్క ద్రావణం ఎక్కువ అందితే ఆ పక్క ఎక్కువ పెరిగి, గుత్తి రెండోవైపుకి వంగుతుంది. సేకర్తలు దీన్ని "రామ్స్ హార్న్" అంటారు, పొట్టేలు కొమ్ములా చుట్టుకుంటుంది కాబట్టి. శాంటా యులాలియా దీనికి పేరున్న చోటే. లేబుల్ మీద "జిప్సమ్, రామ్స్ హార్న్" అని రాసుకోండి. పాత లేబుల్ మాత్రం పారేయకండి, వెనకాలే ఉంచండి.

ఉప్పుసున్నం
నీళ్ళు ఎందుకు వద్దో లెక్కతో చెప్తా. మామూలు గది వేడిలో లీటరు నీటిలో సుమారు 2.4 గ్రాముల జిప్సమ్ కరుగుతుంది. తక్కువే అనిపిస్తుంది. అదే ఉప్పునీళ్ళయితే, గాఢతని బట్టి దాదాపు మూడింతల దాకా వెళ్తుంది. కాబట్టి "ఉప్పునీళ్ళతో శుద్ధి" అనేది జిప్సమ్‌కి నీళ్ళకన్నా చెడ్డది.

నీలిగాజు
ఇదంతా కాస్త ఎక్కువ భయపెట్టడం కాదా? సెలెనైట్ పలకల్ని కుళాయి కింద కడిగి, తుడిచి పెడతాను. అద్దంలా ఉన్నవి అద్దంలానే ఉన్నాయి.

ఉప్పుసున్నం
@నీలిగాజు గారూ, మందంగా, నున్నగా ఉన్న పలక కాబట్టి సరిపోయింది. అరచేయంత పలకకి నీళ్ళు తగిలేది పై ముఖాలకే, అదీ అరనిమిషం. పోగుల గుత్తికి ప్రతి పోగు చుట్టూ నీళ్ళు చేరతాయి. అంతే బరువున్న పలకతో పోలిస్తే తడిసే వైశాల్యం ఎన్నో రెట్లు. పైగా సందుల్లోకి ఎక్కిన నీరు ఒక పట్టాన ఆరదు. ముందు పోగుల అంచుల్ని కొరుకుతుంది. ఆరేటప్పుడు కరిగినదాన్నంతా అక్కడే తెల్లటి పొడిగా వదిలేస్తుంది. మెరుపు పోయేది ఈ రెండో దెబ్బకే.

ఇంకో లెక్క. 5 లీటర్ల బకెట్‌లో నానబెడితే నీరు సంతృప్తం అయ్యేలోపు 12 గ్రాములు తినగలదు. చిన్న రామ్స్ హార్న్ కొమ్మ మొత్తం అంత బరువే ఉండదు.

నీలిగాజు
సరే, పలక సంగతిలో నా మాట, పోగుల సంగతిలో మీ మాట. మరి శాటిన్ స్పార్ పట్టీకి బాగా మట్టి ఉంటే?

గనిదీపం
దానికి దారి ఉంది, జిప్సమ్‌తో ముందే సంతృప్తం చేసిన నీళ్ళు. ఇక కరిగించుకునే ఓపిక లేని నీరు జిప్సమ్‌ని తినదు.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో శుభ్రమైన జిప్సమ్ పొడి 5 గ్రాములు వేయండి. కరిగేది సగమే, మిగతా సగం అడుగున ఉండటమే మనకు కావాలి. అప్పుడప్పుడూ కలుపుతూ ఒక రోజు ఉంచి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి వాడకండి, అది వేడితో చాలావరకు నీరు పోయిన రూపం, నీళ్ళలో పడి గట్టిపడుతుంది. నానబెట్టే నీళ్ళు, పట్టీ, గది ఒకే వేడిలో ఉండాలి. మెత్తటి కుంచెతో పోగుల వెంట మాత్రమే రుద్దండి. ఐదు నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. తీయగానే ఆల్కహాల్‌లో ముంచుతారు. ఆల్కహాల్ కలిస్తే ఆ నీటిలోని జిప్సమ్ ఒక్కసారిగా విడిపోయి తెల్లటి మంచులా పోగుల మీద కూర్చుంటుంది. ముందు అద్దుడు కాగితంతో, టిష్యూతో తడంతా పీల్చేయాలి. ఆ తర్వాతే ధారాళంగా ఆల్కహాల్ పోసి కడగాలి.

@పోగురాయి గారూ, ఇది గట్టి పట్టీలకు మాత్రమే. మీ గుత్తుల సందుల్లోని తడిని టిష్యూతో పీల్చడం కుదరదు. మీకు ఈ పద్ధతి వద్దు.

దుమ్ముకుంచె
రామ్స్ హార్న్‌కి పొడి పద్ధతే. కెమెరా లెన్సులకు వాడే రబ్బరు బల్బు బ్లోయర్ తీసుకోండి. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ గాలి వద్దు, దాని వేగానికి పోగులు విరుగుతాయి, డబ్బా వంచితే చల్లటి ద్రవం చిమ్ముతుంది. బ్లోయర్‌ని జానెడు దూరంలో పెట్టి, మొదటి నుంచి కొన వైపు ఊదండి. ఎదురు ఊదితే దుమ్ము ఇంకా లోపలికి పోతుంది.

తర్వాత నీటిరంగుల కుంచె, సున్నా లేక ఒకటో నంబరు, సహజ వెంట్రుకలది. ఇదీ మొదటి నుంచి కొనకే. అడ్డంగా ఒక్కసారి లాగితే వరసగా పోగులు ఊడతాయి. లెన్స్ కింద చూస్తూ చేయండి. ఒక్కో గీతకీ కుంచెని పొడి గుడ్డ మీద తుడవాలి, లేకపోతే తీసిన ఇసుక రేణువుతోనే మళ్ళీ గీస్తున్నట్టు. ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది, కాఠిన్యం 7.

మొదట్లో బంకమట్టి పెళ్ళలకు వెదురు పుల్లని చెక్కి వాడండి. ఉక్కు సూది వద్దే వద్దు. చేయి జారినచోట మాయని గీత పడుతుంది. పెళ్ళ మీద ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేస్తే కాస్త మెత్తబడి పుల్లకి వస్తుంది. ఆల్కహాల్‌లో మట్టి నీళ్ళలోలా ఉబ్బి బురద కాదు, అది మనకు మంచిదే. బురదైతే పోగుల్లోకి ఎక్కుతుంది.

గుత్తి నిలబడ్డ మట్టిని మాత్రం తీయకండి. దానికి అదే పునాది.

పోగురాయి
ఫొటోలు పెట్టాను. మొదటి దాంట్లో బీట స్పష్టంగా ఉంది. ఇంకో రెండు ప్రశ్నలు. 70 శాతం ఆల్కహాల్ సరిపోతుందా? గోధుమ మరకకి ఆక్సాలిక్ ఆమ్లం వాడొచ్చా? క్వార్ట్జ్ మీద తుప్పు మరకలు దాంతోనే పోతాయి కదా.

ఉప్పుసున్నం
70 శాతం అంటే మిగతా 30 నీళ్ళే. 99 శాతానిది వాడండి. మూత తీసి పెట్టిన సీసా గాలిలోని తేమ లాగుతుంది, కావలసినంతే చిన్న గిన్నెలోకి ఒంపుకోండి. కిటికీ తీసి పెట్టుకోండి, మంట దగ్గర వద్దు.

ఆక్సాలిక్ ఆమ్లం క్వార్ట్జ్‌కి మందు, జిప్సమ్‌కి విషం. జిప్సమ్‌లోని కాల్షియంతో కలిసి కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. తెల్లటి పొర, నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరగదు, పోగుల మధ్య నుంచి ఇక రాదు. సిట్రేట్ కలిపిన, తుప్పు తీసే మందులూ అంతే, సిట్రేట్ కాల్షియాన్నే పట్టుకుని లాగేస్తుంది. వాషింగ్ సోడా కూడా దగ్గరికి రానివ్వకండి, జిప్సమ్ పైపొర కాల్షియం కార్బొనేట్‌గా మారి మసకబారుతుంది.

మరక అలాగే ఉండనివ్వండి.

లెన్స్_పది
ఫొటో పెద్దది చేసి చూశా. గోధుమరంగు పైన పూసినట్టు లేదు, పోగుల లోపలే ఉంది, మొదటి వైపు చిక్కగా, కొనవైపు పలచగా. అంటే పెరుగుతున్నప్పుడే ద్రావణంలో ఇనుము వచ్చి చేరింది. మొదలే కొత్తదని పైన చెప్పా కదా, ఇనుము తర్వాతి దశలో వచ్చిందని ఆ రంగే చెబుతోంది. దాన్ని తీయాలనుకోవడం స్పెసిమెన్ చరిత్రని చెరపడమే. ఆ కోణం కనబడేలా అమర్చండి.

పొట్టేలు
నా హ్యాండిల్‌కి ఇన్నాళ్ళకి తగిన చర్చ దొరికింది :) కొమ్ములు జాగ్రత్త!

గాజుగూడు
ఇక అతుకు. అందరి చేతికీ ముందు దొరికేది సూపర్ గ్లూ. పోగుల జిప్సమ్‌కి అంత పనికిరానిది మరొకటి లేదు. నీళ్ళలా పలచనిది, పోగుల సందుల్లోకి సెంటీమీటర్ పైకి పాకుతుంది. పాకినమేరా పట్టు మెరుపు పోయి, తడిసిన గుడ్డలా ముదురు చార పడుతుంది. మళ్ళీ బయటికి రాదు.

పారలాయిడ్ బి-72 వాడండి. మ్యూజియంల సంరక్షకులు వాడే యాక్రిలిక్ రెసిన్, పూసలుగా వస్తుంది, అసిటోన్‌లో కరుగుతుంది. ఎప్పుడైనా వద్దనుకుంటే అసిటోన్‌తోనే విప్పొచ్చు. అసిటోన్ జిప్సమ్‌ని ఏమీ చేయదు.

కలపడం ఇలా. 50 గ్రాముల పూసల్ని పలచటి గుడ్డలో మూటగట్టి, 50 గ్రాముల అసిటోన్ ఉన్న గాజు సీసాలో మునిగేలా వేలాడదీసి మూత పెట్టండి. పూసల్ని నేరుగా పోస్తే అడుగున ముద్దకట్టి రోజుల తరబడి కరగవు. తేనె చిక్కదనం వస్తే జిగురు సిద్ధం. అందులోంచి కొంచెం తీసి అసిటోన్‌తో పలచన చేసి 10 శాతం ద్రావణం కూడా పెట్టుకోండి.

మీ గుత్తి ఇంకా పూర్తిగా విడిపోలేదు. వేలితో ఊపి విడగొట్టకండి. బీట తెరుచుకున్నంత మేర, సన్నటి కుంచె మొనతో మట్టి వైపు మాత్రమే 10 శాతం ద్రావణం తాకించండి, అది ఆరాక చిక్కటి జిగురు టూత్‌పిక్ మొనతో రెండు మూడు చుక్కలు. అంచుకు 2 మిల్లీమీటర్లు లోపలే ఆపండి, లేకపోతే నొక్కినప్పుడు బయటికి పొంగుతుంది. గుత్తిని చుట్టూ నురగ (ఫోమ్) ముక్కలతో ఒరిగించి రెండు రోజులు కదపకండి. అసిటోన్ పైన ఆరినట్టు అనిపించినా లోపల నిదానంగా ఆరుతుంది.

వానముసురులో ఈ పని పెట్టుకోకండి. అసిటోన్ ఎగిరిపోతూ ఆ చోటిని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి జిగురు పాలలా తెల్లబడుతుంది.

పట్టుదారం
కొనలు రాలుతున్నాయన్నారు కదా. మొత్తం స్పెసిమెన్‌ని 5 శాతం బి-72లో ఒకసారి ముంచి తీస్తే ఇక రాలవు. పెళుసైన శిలాజాలకు అలాగే చేస్తారు.

గాజుగూడు
@పట్టుదారం గారూ, శిలాజానికి సరే, దీనికి కాదు. పట్టు మెరుపు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. జిప్సమ్ వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.52, గాలిది 1. పోగుకి పోగుకి మధ్య సన్నటి గాలి సందు ఉంది కాబట్టి, ప్రతి అంచు దగ్గరా వెలుతురు తిరిగి కొడుతుంది. అన్ని పోగులూ ఒకే దిక్కుకి ఉన్నందున ఆ వెలుతురంతా ఒక పట్టీగా కూడి, రాయిని తిప్పుతుంటే జారుతుంది. బి-72 గుణకం సుమారు 1.49. ఆ సందులు దాంతో నిండితే వెలుతురుకి అంచులే కనబడవు. మెరుపు పోయి మైనం ముద్దలా మిగులుతుంది.

బేబీ ఆయిల్ సంగతీ ఇదే. నూనె గుణకం కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. రాయగానే అద్దంలా అయినట్టు అనిపించి జనం మురిసిపోతారు. తర్వాత దుమ్ము అంటుకుంటుంది, పసుపెక్కుతుంది.

మనం కాపాడాల్సింది పోగుల్నే కాదు, పోగుల మధ్య ఖాళీని కూడా.

పట్టుదారం
వాదన ఒప్పుకుంటా, కానీ పూర్తిగా కాదు. పగిలిపోయే దిమ్మ ఉన్నప్పుడు దిమ్మకైనా ద్రావణం పట్టించాలి. మట్టి దిమ్మ విడిపోతే గుత్తులన్నీ పోతాయి.

దుమ్ముకుంచె
ఆ మాట నిజమే. దిమ్మ అడుగు వైపు నుంచి, చుక్క చుక్కగా 5 శాతం. పై వైపు పోగులకి వేలెడు దూరంలోనే ఆపాలి. మట్టి బాగా పీలుస్తుంది, కాబట్టి పైకి పాకుతోందా అని లెన్స్‌తో చూస్తూ వేయండి.

చీకటిగుహ
షోకేస్ లైటు గురించి ఎవరూ రాయలేదు. హాలోజెన్ వద్దు. జిప్సమ్ బరువులో దాదాపు 21 శాతం నీరే. పొడిగాలిలో 60, 70 డిగ్రీల దగ్గర అది మెల్లగా వదలడం మొదలుపెడుతుంది, 100 దాటితే వేగంగా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తయారుచేసేది ఇలాగే. మీ షోకేస్‌లో అది జరిగితే కొనలు సుద్దలా తెల్లబడతాయి. తిరిగి తేమ తగిలితే పాత స్ఫటికం తిరిగిరాదు, అడ్డదిడ్డంగా సన్నటి సూదులు ఏర్పడతాయి. ఎల్ఈడీ పెట్టి, దానికి కరెంటు సర్దే డ్రైవర్ పెట్టెని షోకేస్ బయట ఉంచండి. అద్దం గుండా నేరుగా ఎండ పడే గోడ కూడా వద్దు.

నీలిగాజు
మెక్సికోలోని నైకా గుహలో 58 డిగ్రీల వేడిలో 11 మీటర్ల స్ఫటికాలే నిక్షేపంగా ఉన్నాయి కదా? మరి షోకేస్‌లో 50 డిగ్రీలకి ఏమవుతుంది?

చీకటిగుహ
మంచి ప్రశ్న. నైకా స్ఫటికాలు పెరిగింది నీళ్ళ అడుగున. దాదాపు 58 డిగ్రీల దగ్గర ఆ నీటిలో అన్‌హైడ్రైట్ (నీటి అణువులు లేని కాల్షియం సల్ఫేట్) కరుగుతూ జిప్సమ్ పేరుకుంటుంది. వేడి ఆ హద్దుకి కాస్త కిందే చాలాకాలం నిలకడగా ఉంది కాబట్టి, కొత్త స్ఫటికాలు తక్కువ పుట్టి, ఉన్నవే పెద్దవయ్యాయి. 2000లో గని కార్మికులు ఆ గుహ కనుక్కునే నాటికి పంపులతో నీరు తోడేసి ఉంది, కానీ గాలి తేమతో నిండి ఉంది, దాదాపు 100 శాతం. తేమగాలిలో జిప్సమ్ తన నీటిని వదలదు. షోకేస్‌లో వేడి పెరిగేకొద్దీ గాలి పొడిబారుతుంది. ఇక్కడ ముంచేది వేడి, పొడి రెండూ కలవడం. పంపులు ఆపేశాక ఆ గుహ మళ్ళీ నీట మునిగింది, స్ఫటికాలకి అదే క్షేమం.

పట్టుదారం
అయితే సిలికా జెల్ పొట్లాలు కూడా తీసేయాలా?

ఉప్పుసున్నం
గది వేడిలో సిలికా జెల్ వల్ల జిప్సమ్ నీరు వదిలేస్తుందని భయపడక్కర్లేదు, ఆ చర్య అంత చల్లగా ఉన్నప్పుడు చాలా నిదానం. కానీ దిమ్మలో మట్టి ఉంది. తేమ పడిపోతే మట్టి కుంచించుకుంటుంది, పెరిగితే ఉబ్బుతుంది. ప్రతి మార్పుకీ గుత్తి మొదలు నలుగుతుంది. బీట పడటానికి అదే కారణం అయ్యుండొచ్చు. తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంచండి. జిప్సమ్ పొరల్లో రాతి ఉప్పు కూడా దొరుకుతుంటుంది. దిమ్మలో అది ఉంటే 75 శాతం తేమ దాటగానే చెమ్మగిల్లి కారుతుంది, ఆ ఉప్పునీరు మొదళ్ళని తింటుంది. దిమ్మ అడుగున ఎప్పుడైనా తడి మచ్చ కనబడితే అనుమానించాల్సింది దాన్నే.

మోహ్స్‌రెండు
కాస్త పక్కకి వెళ్తున్నా. "సెలెనైట్ కడ్డీ" అని నా దగ్గర ఒకటుంది, తెల్లగా, పోగుపోగుగా. ఇది అసలా, గాజా, పోగులుగా ఉండే ఇంకో ఖనిజం యులెక్సైటా ఎలా తేల్చుకోవాలి?

లెన్స్_పది
ఆ పేరుతో అమ్మే కడ్డీలు ఎక్కువ శాటిన్ స్పారే, చాలావరకు మొరాకో నుంచి వస్తాయి. పరీక్షలు తేలికే.

గోరు. జిప్సమ్ మీద గీత పడుతుంది. ఫైబర్ గాజుతో చేసిన "పిల్లికన్ను" మీద పడదు, ఆ గాజులో పోగులు మరీ ఒక్కతీరుగా ఉంటాయి, పగిలినచోట నత్తగుల్ల వంపులు కనబడతాయి. పోగుల కాల్సైట్‌కీ కాఠిన్యం 3, గోటికి లొంగదు, దాని మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తాయి.

యులెక్సైట్ గోటికి దాదాపు లొంగుతుంది కాబట్టి సాంద్రతతో తేల్చాలి. జిప్సమ్ 2.32, యులెక్సైట్ 1.96 దాపు. నీళ్ళకు బదులు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తూయండి, దాని సాంద్రత 0.785. ఉదాహరణకి గాలిలో 58.0 గ్రాములు, దారంతో వేలాడదీసి ఆల్కహాల్‌లో ముంచితే 38.4 చూపిందనుకోండి. తేడా 19.6ని 0.785తో భాగిస్తే ఘనపరిమాణం 25.0 ఘన సెంటీమీటర్లు. 58ని 25తో భాగిస్తే 2.32. జిప్సమే. పోగుల మధ్య గాలి బుడగలు చిక్కితే లెక్క తక్కువ వస్తుంది, మునిగాక రెండు నిమిషాలు ఆగి, బుడగలు పోయాక తూయండి.

కోసి రెండు కొనలూ నున్నగా మెరుగుపెట్టిన యులెక్సైట్ పలకని అక్షరాల మీద పెడితే అక్షరాలు పై ముఖం మీదికి వచ్చినట్టు కనబడతాయి. శాటిన్ స్పార్‌లో వెలుతురు వస్తుంది గానీ బొమ్మ అంత తేటగా రాదు.

మోహ్స్‌రెండు
2.30 వచ్చింది. గోటి గీత కూడా పడింది. శాటిన్ స్పార్ అని లేబుల్ మార్చేశా.

గనిదీపం
@పోగురాయి గారూ, ఒకటి మరిచాం. ఐదు గుత్తులూ అక్కడే పుట్టినవా, అతికించినవా? చీకట్లో పొడవు తరంగాల యూవీ టార్చి వేసి మొదళ్ళు చూడండి. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) ఎక్కువగా నీలం తెలుపుగా వెలుగుతుంది. జిప్సమ్ కూడా కొన్నిచోట్లది వెలుగుతుంది కాబట్టి కొనతో పోల్చండి. కొనలో లేని వెలుగు మొదట్లో గీతలా ఉంటే జిగురే. ఇంకో గుర్తు, అసలు గుత్తి మొదట్లో మట్టి, జిప్సమ్ ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. అతికించినదానికి మట్టి పొడి చల్లిన అంచు ఉంటుంది.

పోగురాయి
చూశాను. నాలుగు గుత్తులకి ఏమీ లేదు. బీట పడినదాని మొదట్లో ఒక పక్క నీలం తెలుపు గీత వెలుగుతోంది.

గనిదీపం
అయితే అది పాత అతుకు, ఊడుతోంది. కొత్త జిగురు దానిపైన వేయకండి, పట్టదు. ఎపాక్సీ అసిటోన్‌కి కరగదు, మెత్తబడి ఉబ్బుతుంది అంతే. గట్టిపడిన పెచ్చుని వెదురు పుల్లతో మట్టి వైపు నుంచి మాత్రమే లేపండి, పోగు వైపు ఉన్నదాన్ని వదిలేయండి. తర్వాత గాజుగూడు గారు చెప్పిన వరసలో చేయండి. లేబుల్ వెనక "ఒక గుత్తి అతికించబడింది" అని తేదీతో రాయండి. రేపు ఈ స్పెసిమెన్ ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళకి అది తెలియాలి.

పొట్టేలు
గుత్తి ఆ దిమ్మదేనా, వేరే దిమ్మ నుంచి తెచ్చి పెట్టారా అన్నది కూడా చూడాలి కదా?

లెన్స్_పది
అవును. మిగతా నాలిగింటికీ మొదట్లో గోధుమరంగు ఉంటే, దీనికి లేకపోతే అనుమానమే. పోగుల మందం కూడా లెన్స్‌తో పోల్చండి.

పోగురాయి
దీనికీ అదే గోధుమరంగు, అదే ఎత్తులో మొదలవుతోంది. మందంలో తేడా కనబడలేదు.

లెన్స్_పది
అయితే ఆ దిమ్మదే అయ్యుంటుంది. విరిగితే ఎవరో తిరిగి అతికించారు.

దుమ్ముకుంచె
చివరగా నిలబెట్టడం, పంపడం. దిమ్మ కింద ప్లాస్టిసిన్, మెత్తటి జిగటముద్దలు పెట్టకండి, వాటిలోని నూనె మట్టిలోంచి పోగుల్లోకి ఎక్కుతుంది. పాలిథిలిన్ నురగని దిమ్మ ఆకారానికి కోసి గూడు చేయండి.

పార్సెల్ పంపాల్సి వస్తే దూదితో, టిష్యూతో చుట్టొద్దు. పోగులు వాటికి చిక్కుకుంటాయి, విప్పేటప్పుడు ఊడతాయి. గుత్తులకి ఏదీ తగలకూడదు. దిమ్మని నురగ గూట్లో దించి, దిమ్మ మీదుగా మాత్రమే అడ్డపట్టీలు వేసి, చుట్టూ ఖాళీ ఉన్న గట్టి డబ్బాలో బిగించండి. ఆ డబ్బాని అన్ని వైపులా 5 సెంటీమీటర్ల నురగతో ఇంకో పెద్ద డబ్బాలో పెట్టండి. మూసేముందు లోపలి డబ్బాని తలకిందులు చేసి చూడాలి. దిమ్మ చప్పుడు చేస్తే మళ్ళీ బిగించాలి.

పోగురాయి
రాలిన పోగులు ఒక కాగితం మీద ఉన్నాయి. పారేయనా?

ఉప్పుసున్నం
వద్దు. చిన్న గాజు గొట్టంలో వేసి స్పెసిమెన్ నంబరు రాసి పక్కనే ఉంచండి. రేపు ఏ ద్రావణం, ఏ జిగురు వాడాలన్నా ముందు వాటి మీద వేసి చూడొచ్చు. ఒకటి తీసి గాజు గొట్టం అడుగున వేడిచేస్తే పైన నీటి బిందువులు కట్టి, పోగు తెల్లబడుతుంది. జిప్సమ్ అనడానికి అది ఇంకో గుర్తు, అసలు గుత్తిని ముట్టుకోకుండానే. నీరున్న వేరే ఖనిజాలూ ఇలా చేస్తాయి కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

గాజుగూడు
ఆ పోగుల్లో రెండింటి మీద ముందు 10 శాతం ద్రావణం వేసి చూడండి. ఎంత దూరం పాకుతుందో తెలిశాకే గుత్తి దగ్గరికి వెళ్ళండి.